దావీదు కాలి కడియం

గూబపిల్ల బుసకొడితే తాచుపామనుకుని నిచ్చెన మెట్లు దిగకుండానే కిందకి దూకేసినవాళ్ళు మా మొగ్గలంకలో చాలామందే ఉన్నారు. దూకి, లేచి, బట్టలు దులుపుకుని, గూబల కోసం కట్టిన పెట్టెలో పాముందని వచ్చి నాకే చెబుతారు. నన్ను వాళ్ళు డాక్టరుగారూ అంటారు. నేను వైద్యం చేసే డాక్టర్ని కాదు, పిట్టల మీద పరిశోధన చేసి డాక్టరేటు తెచ్చుకున్నదాన్ని. ఆ తేడా చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టి ఊరుకున్నాను. నా వెనకాల గూబలమ్మ అంటారని కూడా తెలుసు. అననీ, నాకేం పోయింది. నా పేరు సువార్త. నేను పట్టిన పని జరిగి తీరుతుందని ఈ చుట్టుపక్కల అందరికీ తెలుసు, నాకు ఇంకా బాగా తెలుసు.

పని ఏమిటంటే, తెల్లగూబల్ని పొలాల్లో నిలబెట్టడం. గోదావరి కాలవల కింద సార్వా పంట, అదే వానాకాలపు వరి, పాలుపోసుకునే వేళకి ఎలకలు దిగుతాయి. రైతులు మందు పెడతారు. మందు తిన్న ఎలకని గూబ తింటుంది, గూబ చస్తుంది, మరుసటి పంటకి ఎలకలు రెట్టింపవుతాయి. ఈ తిరగలి ఆగాలంటే గూబలకి గూడు కావాలి. గూబ వాలిన ఇల్లు పాడుపెట్టేసి వెళ్ళిపోయేవాళ్ళున్న ఊళ్ళో గూబకి ఇల్లు కట్టిస్తానని వెళితే నన్ను ఎలా చూసి ఉంటారో మీరే అనుకోండి. సూర్రెడ్డిగారనే పెద్దరైతు ఒక్కరే సరేనన్నారు. ఎలకల చేత ఆయన పడినన్ని పాట్లు ఎవరూ పడలేదు మరి. మూతపడ్డ తన రైసుమిల్లులో మొదటి చెక్కపెట్టె కట్టుకోనిచ్చారు. తర్వాత పొలాల్లో స్తంభాలు పాతి వాటిమీద ఒక్కొక్కటే కట్టుకుంటూ పోయాం.

పెట్టెల్లో పిల్లలయ్యాక వాటికి కడియాలు వెయ్యాలి. రెక్కలింకా రాకముందు, కాళ్ళు మాత్రం పెద్ద పిట్ట కాళ్ళంత లావయిన రోజుల్లో పగటిపూట పెట్టె తలుపు తీసి పిల్లని గుడ్డసంచిలోకి తీసుకుంటాం. తూకం వేస్తాం. నెంబరున్న అల్యూమినియం కడియాన్ని కాలికి తొడిగి శ్రావణంతో, అంటే పట్టకారుతో, నొక్కితే రెండంచులూ కలిసిపోతాయి. అంతే. ఇంక దాన్ని తియ్యం. ఆ పిట్ట ఎన్నేళ్ళు బతికినా, ఏ ఊళ్ళో చచ్చినా, ఆ కడియం ఆ కాలికే ఉండాలి. లేకపోతే అది ఫలానా పిట్ట అని చెప్పేదెవరు? ఈ పని నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళకి నేను మొదటిరోజు చెప్పే మాట అదే. వేసేముందు పదిసార్లు ఆలోచించండి, వేశాక మర్చిపోండి.

నాతో నిచ్చెన పట్టుకునేది మా చెల్లెలు ఎస్తేరు. ఎలక్ట్రానిక్స్ చదివింది. బుర్ర బంగారం, నోరు నాకన్నా పెద్దది. ఇద్దరం ఒకే ఇంట్లో ఉంటాం, నాన్నతో పాటు. వెనక వసారాయే మా ప్రయోగశాల. అమ్మ పోయినప్పటి నుంచీ ఆ ఇంట్లో వంటకన్నా సోల్డరింగు వాసనే ఎక్కువ.

కథంతా మిల్లులో తల్లిగూబ చచ్చిపోవడంతో మొదలైంది. కరెంటు తీగ కొట్టింది. పెట్టెలో నాలుగు పిల్లలు, అప్పటికే రెక్కలొస్తున్నాయి. మగగూబ రెండు రోజులు ఎలకలు తెచ్చి మూడోరోజు కనబడలేదు. పిల్లలకి మేం చేత్తో మేత పెట్టగలం, వేట మాత్రం నేర్పలేం కదా. తల్లి ఉన్న పిల్లల్లోనే మొదటి ఏడాది సగానికి పైగా ఆకలికి పోతాయి. వీటి సంగతి చెప్పక్కర్లేదు. తమలపాకుల్లాంటి ఆ మొహాలు నాలుగూ ఒక్కసారి నావైపు తిరిగి బుసకొడుతుంటే నాకు ఏడుపొచ్చింది. నాకు ఏడుపొస్తే తర్వాత కోపం వస్తుంది. కోపమొస్తే ఎస్తేరు మీద పడతాను.

"తల్లి కాలికి నువ్వు పెట్టిన ఆ యంత్రం దేనికి మరి?" అన్నాను.

తల్లిగూబ కాలికి మామూలు కడియంతో పాటు ఎస్తేరు చేసిన ఇంకో కడియం ఉండేది. అది ఎక్కడెక్కడ ఎగిరిందో, ఎక్కడ కిందకి దూకిందో, ఏ గట్టు దగ్గర దూకితే ఎలక దొరికిందో అన్నీ గుర్తుంచుకునేది. ఎస్తేరు నామీద తిరిగి అరవలేదు. చచ్చిన పిట్ట కాలినుంచి ఆ కడియం కోసి, బల్ల మీద పెట్టి చాలాసేపు చూస్తూ కూర్చుంది. ఇది గుర్తుపెట్టుకోవడమే చేస్తోంది కదా, దీన్ని తిరగేస్తే చెప్పడం కూడా చేస్తుందేమో అంది.

చేసింది. పిల్లల కోసం కొత్త కడియాలు చేసి తల్లికి తెలిసిన దారులన్నీ వాటిలోకి ఎక్కించింది. పిల్ల ఎడమకి తిరగాల్సిన చోట కాలికి ఎడమవైపు నెట్టినట్టు చిన్న తోపు, కుడికి తిరగాల్సిన చోట కుడివైపు. తల్లి ఎక్కడ దూకేదో అక్కడికి రాగానే కడియం చల్లబడుతుంది, తోపు ఆగిపోతుంది. పిల్ల మాట వినకుండా మొండికేస్తే తోపు జోరు పెరుగుతుంది. గూబపిల్లలు ఒట్టి సోమరిపోతులు, జోరు లేకపోతే దూలం దిగవు. పిట్ట కదలికతోనే దానికి చార్జి ఎక్కుతుంది. స్విచ్చి లేదు, కొక్కెం లేదు. ఎందుకంటే బరువెక్కితే పిట్ట ఎగరలేదు. కొన్నాళ్ళకి దానంతటదే ఆగిపోయేలా చేద్దామా అని ఎస్తేరు అడిగింది. నేను కొట్టిపారేశాను. కడియమన్నాక జీవితాంతం ఉండాలి, కాలికి ఉండి పనిచెయ్యకపోతే ఎందుకు అన్నాను.

ఎగిరిన రెండో సాయంత్రమే పెద్దపిల్ల ఎలకని పట్టింది. మిల్లు వెనక గట్టు మీద నేనూ ఎస్తేరూ సూర్రెడ్డిగారూ నిలబడి చూశాం. తల్లి వాలే కొబ్బరిమట్ట మీదే అదీ వాలింది. తల్లి తిరిగినట్టే తల తిప్పింది. దూకింది. లేచేసరికి కాళ్ళలో ఎలక ఉంది. సూర్రెడ్డిగారు తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని, గుడికి వచ్చినవాడిలా నిలబడిపోయారు. నాలుగు పిల్లలూ బతికాయి. ఆ మాట ఇంకెవరైనా చెబితే నేను నమ్మేదాన్ని కాదు.

ఆ తర్వాత మమ్మల్ని పట్టేవాళ్ళు లేరు. తల్లి ఉన్నా లేకపోయినా ప్రతి పెట్టెలో పిల్లలకీ ఈ కడియాలే వేశాం. వేట బాగా తెలిసిన గూబల దారులు తెలియనివాటికి ఎక్కించాం. రెండు పంటలు తిరిగేసరికి ఊరి రైతులంతా మాట్లాడుకుని మందు పెట్టడం మానేశారు. పిల్లలకి దిష్టి తీసే ముసలమ్మలు కూడా గూబ అరిస్తే మన పిట్టేలే అని పక్కకి తిరిగి పడుకుంటున్నారని విన్నాను. నాకు ఎంత గర్వమంటే, పక్కవూరి వాళ్ళు పిలిస్తే ఒక్కోసారి కావాలనే ఆలస్యంగా వెళ్ళేదాన్ని.

ఇంట్లో సంగతి వేరు. మా నాన్న దావీదు కాలవ మీద లస్కరుగా చేసి రిటైరయ్యారు. తూముల షట్టర్లు ఎత్తడం, దించడం, గట్టు ఎక్కడ కారుతోందో చూడటం, ఇదే పని జీవితమంతా. రిటైరైనా సాయంత్రమయ్యేసరికి గట్టెక్కి నడవడం మానలేదు. అమ్మ పోయాక ఆయనకి మతిమరుపు మొదలైంది. మొదట కళ్ళజోడు, తర్వాత మా పేర్లు, ఆ తర్వాత ఇంటిదారి. ఒకసారి మూడూళ్ళ అవతల చర్చి మెట్ల మీద కూర్చుని ఉంటే ఎవరో తీసుకొచ్చి దింపారు. ఇంకోసారి మురుగుకాలవలో మోకాలు లోతున నిలబడి దొరికారు. అప్పటినుంచి సాయంత్రాలు ఎస్తేరో నేనో ఆయన వెంట నడిచేవాళ్ళం. ఆయన నడుస్తుంటే గట్టు మీద ఉన్న ప్రతి తూముకీ ఒక పలకరింపు, ప్రతి తాడిచెట్టుకీ ఒక కథ. మాకేమో ఇంటిదగ్గర పని కుప్పలు. నేను ఆయన కథలు వింటూ ఫోన్లో మెయిళ్ళు చూసుకునేదాన్ని. ఆయనకి తెలిసేది కాదనే అనుకునేదాన్ని.

నాన్నకి కడియం వేద్దామన్న ఆలోచన నాదే. ఎస్తేరు ఒప్పుకోలేదు. మనిషికీ పిట్టకీ తేడా లేదా అంది. పిట్టకి పనికొచ్చింది నాన్నకి ఎందుకు పనికిరాదో చెప్పమన్నాను. ఆ నెలలో ఆయన మళ్ళీ తప్పిపోయి, తెల్లారాక లాకుల దగ్గర పడి ఉంటే దొరికారు. దాంతో అదే దిగొచ్చింది. పెద్ద కడియం చేసింది. కొన్నాళ్ళు ఆయనతో నడిచి గట్టునుంచి ఇంటికొచ్చే దారులన్నీ దానికి నేర్పింది. పొద్దు వాలగానే ఇంటివైపు లాగడం మొదలుపెడుతుంది. అది ఎక్కడుందో, ఎంత జోరుగా లాగుతోందో ఎస్తేరు ఫోన్లో కనబడుతుంది. తీసేసుకునేందుకు వీలుగా కొక్కెం పెడదామంది. నాన్న చేతిగడియారం, చెప్పులు, పుండుకి కట్టిన కట్టు కూడా పీకి పారేస్తున్న రోజులవి. నేను శ్రావణం తెచ్చి నొక్కేశాను.

మొదటి సాయంత్రం ఇద్దరం వీధిగుమ్మంలో నిలబడ్డాం. నాన్న ఒక్కరే మలుపు తిరిగి, తిన్నగా నడిచి, గుమ్మంలోకొచ్చి, కాళ్ళు కడుక్కుని మంచం మీద కూర్చున్నారు. ఎలా వచ్చావు నాన్నా అంటే నవ్వారు.

"మీ యమ్మ లాక్కొచ్చిందే. సీకటి పడతంది రమ్మని ఒకటే గోల."

ఎస్తేరు లోపలికి వెళ్ళిపోయింది. నేను మాత్రం పొంగిపోయాను. ఆయన మొహంలో అంత తేట చూసి ఎన్నాళ్ళయిందో. అబద్ధమైతే అయింది, ఆయనకి హాయిగా ఉంది, మాకు నిద్ర పడుతోంది. అప్పటినుంచి మా ఇంట్లో ఒకటే మాట. నాన్న ఇంకా రాలేదేమంటే కడియముందిగా. వాన వచ్చేలా ఉందంటే కడియముందిగా. ఆయన వెంట నడవడం ఇద్దరం మానేశాం. ఆయన కథలు చెప్పడం ఎప్పుడు మానేశారో నాకు తెలియదు, ఎందుకంటే వినడానికి నేను అక్కడ లేను.

ఆ ఏడు సార్వా ముందు సూర్రెడ్డిగారి పక్కరైతు పొలం తవ్వించి రొయ్యలచెరువు చేశాడు. కొంగలు రాకుండా చెరువు మీద అడ్డంగా నైలాను తాళ్ళు కట్టించాడు. ఒక ఉదయం ఫోను చేస్తే వెళ్ళాం. మిల్లు పిల్లల్లో పెద్దది, మొదటి ఎలకని పట్టినదే, తాళ్ళకి చుట్టుకుని తలకిందులుగా వేలాడుతోంది. రెక్క విరిగింది. అప్పటికే చచ్చిపోయింది. నేను చెరువుగలాయన మీద నోరు పారేసుకున్నాను. ఆయన పాపం బిత్తరపోయి, తాళ్ళకి గుడ్డపీలికలు కడతానన్నాడు. మర్నాడు రెండో పిల్ల అదే తాళ్ళలో చచ్చింది, గుడ్డపీలికల పక్కనే.

ఎస్తేరు ఆ రెండు కడియాలూ కోసి వసారాలో బల్ల మీద పెట్టింది. ఆ చెరువు ఉన్న చోట తల్లిగూబకి మంచి గట్టు ఉండేది. పంట పోయింది, గట్టు పోయింది, ఎలకలు పోయాయి. కడియం మాత్రం పిల్లల్ని అక్కడికే తోస్తోంది. మామూలు గూబ అయితే రెండుసార్లు ఉత్త కాళ్ళతో వచ్చి మూడోసారి ఆ వైపు వెళ్ళదు. వీటికి ఆ వీల్లేదు. వెళ్ళేదాకా కాలు ఊరుకోదు. చచ్చిపోయిన తల్లి చెప్పిన దారి తప్పు అని చెప్పడానికి వాటికి మనం చోటివ్వలేదక్కా, అంది ఎస్తేరు.

"తీసేద్దాం. అన్నీ."

నేను ఒప్పుకోలేదు. తీస్తే ఎన్ని బతుకుతాయో చెప్పమన్నాను. పంట మధ్యలో తీస్తే రైతులు మళ్ళీ మందు పెడతారన్నాను. ఒకసారి వేసిన కడియం తియ్యడమనేది ఈ పనిలో ఎక్కడా లేదన్నాను. మాటకి మాట పెరిగింది. అది నన్ను మూర్ఖురాలంది, నేను దాన్ని పిరికిదన్నాను. ఎవరి కంచం వాళ్ళు తీసుకుని వేరువేరు గదుల్లో తిన్నాం. చెరువు దారి చెరిపేసిన కొత్త కడియాలు చేస్తే చాలని నాకు నేను చెప్పుకున్నాను. కాని ఇంకో పొలం ఎవరు ఎప్పుడు తవ్విస్తారో నాకు తెలుసా?

వారం తిరక్కుండానే వాయుగుండం పట్టింది. వాన విడవలేదు. కాలవ గట్ల అంచులదాకా నిండింది. సాయంత్రం కాస్త తెరిపిస్తే నాన్న గొడుగేసుకుని గట్టెక్కారు. కడియముందిగా అని నేను పని చేసుకుంటూ ఉండిపోయాను. పొద్దు వాలింది. ఆయన రాలేదు. ఎస్తేరు ఫోను చూసి నా దగ్గరికొచ్చింది. మా గొడవ తర్వాత అది నాతో మాట్లాడటం అదే మొదలు.

"అక్కా, నాన్న పెద్దతూము దగ్గరే ఉన్నారు. కడియం లాగుతూనే ఉంది. జోరు చివరికంటా వెళ్ళింది. ఆయన రావట్లేదు."

పరుగెత్తాం. గట్టంతా జారుడు, నేను రెండుసార్లు పడ్డాను. కాలవలో పడి ఉంటారు, కడియం శవాన్ని లాగుతూ ఉంటుంది, ఇదే ఆలోచన. పెద్దతూము దాటాక కాలవ నీళ్ళు అధికమైతే మురుగుకాలవలోకి వదిలే పాత షట్టరు ఒకటుంది. ఇప్పుడా గట్టుకి లస్కరు ఎవరూ లేరు, దాన్ని ఎత్తి ఎన్నాళ్ళయిందో. నాన్న అక్కడున్నారు. షట్టరు ఎత్తే చక్రాన్ని రెండు చేతులా పట్టుకుని తిప్పుతున్నారు.

ఆయన అవస్థ ఎలా చెప్పను. చక్రం ఒక పట్టు తిప్పుతారు, కాలు ఒక్క కుదుపు కుదిపి ఇంటివైపు వెళ్ళిపోతుంది, ఆయనా దాంతో నాలుగడుగులు వేస్తారు. ఆగుతారు. తల విదిలించి మళ్ళీ వెనక్కి వస్తారు. మళ్ళీ ఒక పట్టు. చక్రానికీ గట్టు మలుపుకీ మధ్య బురద ఆయన అడుగులతో కుమ్మరి తొక్కినట్టయిపోయింది. చీలమండ చుట్టూ చర్మం ఒలిచి నెత్తురు కారుతోంది. కిందవైపు చూశాను. గట్టు పాదంలో ఎలకబొరియల్లోంచి నీళ్ళు బుడబుడమని ఊరుతున్నాయి, మట్టినీళ్ళు. ఆ కింద సూర్రెడ్డిగారి చేలు, మిల్లు, ఆ వెనక పల్లంలో మా పేట ఇళ్ళు. గండిపడితే ముందు మునిగేది మేమే.

నన్ను చూసి నాన్న కోప్పడలేదు, ఆశ్చర్యపోలేదు. పనిలో ఉన్న మనిషి పక్కవాడికి చెప్పినట్టు చెప్పారు.

"మీ యమ్మ పిలుత్తంది. పని మీదున్నానని సెప్పవే. ఆనక వత్తానని సెప్పు."

అంతవరకూ ఆ లాగుడు ఆయనకి హాయి అనే అనుకున్నాను. ఆయనకి అది అమ్మ. అమ్మ మాట కాదంటున్నాననుకుంటూ, కాలు ఒలిచిపోతున్నా, ప్రతి నాలుగడుగులకీ ఆవిడని బతిమాలుకుంటూ ఆ ముసలాయన చక్రం తిప్పుతున్నారు. చచ్చిపోయిన మా అమ్మని ఆయన మీదకి ఉసిగొలిపింది నేను. బురదలో కూలబడి ఆయన కాలు ఒళ్ళో పెట్టుకున్నాను. శ్రావణం ఎప్పుడూ నా సంచిలోనే ఉంటుంది. కాని అది నొక్కడానికి చేసిన శ్రావణం. తియ్యడానికి చేసింది మా దగ్గర ఏదీ లేదు, ఎన్నడూ తియ్యం కనక. అంచుల మధ్య దాని ముక్కు దూర్చి మెలితిప్పాను. కడియం నా ఒళ్ళోంచి ఆయన కాలిని ఇంటివైపు గుంజుతూనే ఉంది. నాన్న పళ్ళు బిగపట్టారు, ఎస్తేరు ఆయన మోకాలు అదిమిపెట్టింది. ఇంకోసారి మెలితిప్పితే కడియం విచ్చుకుంది. కాలవలోకి విసిరేశాను.

నాన్న కాలు ఆగింది. ఆయన కాలికేసి చూసుకున్నారు, మలుపుకేసి చూశారు. మొహం చిన్నబోయింది. "ఎల్లిపోయిందా?" అన్నారు.

"వెళ్ళిపోయింది నాన్నా. పని చూసుకోమంది," అన్నాను. అబద్ధమే. ఆ అబద్ధానికి మాత్రం నేను ఎవరికీ సంజాయిషీ చెప్పుకోను.

ముగ్గురం చక్రం పట్టాం. ఎక్కడ పట్టాలో, ఎక్కడ ఆపి మళ్ళీ తిప్పాలో ఆయన చేతులు చెబుతుంటే మా చేతులు చేశాయి. షట్టరు లేచింది. కాలవ నీళ్ళు మురుగుకాలవలోకి పెద్ద చప్పుడుతో దూకాయి. ఎస్తేరు ఫోను చేస్తే సూర్రెడ్డిగారు మనుషుల్ని, ఇసకబస్తాల్ని తీసుకుని వచ్చారు. గట్టు నిలబడింది. మా పేటలో ఒక్క గుమ్మం తడవలేదు.

నాన్న కాలు మానడానికి చాలారోజులు పట్టింది. ఈలోగా ఎస్తేరూ నేనూ నిచ్చెన, సంచి తీసుకుని పెట్టెలన్నీ తిరిగాం. ఈసారి వెయ్యడానికి కాదు, తియ్యడానికి. దానికి కావలసిన పనిముట్టు ఎస్తేరే చేసింది. సూర్రెడ్డిగారు మిల్లు దగ్గర మాకు ఎదురొచ్చి, తీసేస్తే గూబలు ఊరొదిలిపోతాయి కదండీ, పంట మీదున్నాం కదండీ అని అడ్డం పడ్డారు. పోతే పోతాయన్నాను. వాటి రెక్కలు వాటివి. మీ గట్టు ఆ రాత్రి నిలబడింది కడియం చెప్పిన మాట వినని మనిషి వల్ల, ఆ సంగతి మర్చిపోవద్దన్నాను. ఆయన తనే వచ్చి నిచ్చెన పట్టుకున్నారు.

నిజం చెప్పాలి కనక చెబుతాను. కొన్ని గూబలు కడియం లేకుండా దూలం మీదే కూర్చుండిపోయి ఆకలికి ఎండిపోయాయి. వాటిని నా చేత్తో తూకం వేసి పాతిపెట్టాను. కొన్ని ఎటో వెళ్ళిపోయాయి. మిగిలినవి మూడు నాలుగు సాయంత్రాలు తడబడి, తల్లి ఎన్నడూ వెళ్ళని వైపుకి, రైలుకట్ట అవతల అరటితోటల్లోకి వేటకి వెళ్ళడం మొదలుపెట్టాయి. అక్కడ అన్ని ఎలకలున్నాయని నాకే తెలియదు. ఇప్పుడు మేం చేసే కడియానికి అంచులు జనపనారతో కడుతున్నాం. ఒక వానాకాలం నానితే నార కుళ్ళి దానంతటదే ఊడి పడిపోతుంది. పిల్ల మొదటి ఎలకని పట్టుకోవడానికి అంతకాలం చాలు. నెంబరు కడియం మాత్రం ఉంటుంది, అది ఎవరినీ ఎటూ లాగదు. పెద్ద పెద్ద సభల్లో ఈ మాట చెబితే కొందరు మొహం ముడుచుకున్నారు. ముడుచుకోనీ.

నాన్నకి మళ్ళీ కడియం వెయ్యలేదు. నారది కూడా. సాయంత్రాలు ఎస్తేరూ నేనూ వంతులేసుకున్నాం. నా వంతు రోజు ఫోను ఇంట్లో పెట్టి వెళుతున్నాను. ఆయన కథలు సగం నుంచి మొదలై ఎక్కడో ఆగిపోతాయి. అయినా వింటున్నాను.

నిన్న లాకుల దగ్గర దారి చీలే చోటికి వచ్చాం. ఎడమకి తిరిగితే ఇల్లు. నాన్న రెండువైపులా చూసి కుడికి తిరిగారు. ఇటు కాదు నాన్నా అనబోయి నోరు మూసుకున్నాను. నాకు అదెంత కష్టమో నన్ను ఎరిగినవాళ్ళకి తెలుస్తుంది. వెలుతురు ఇంకా ఉంది, గట్టు ఆరి ఉంది, ఇల్లెటో నాకు తెలుసు. ఆయనకి తెలియనక్కర్లేదు.

"ఎక్కడికి నాన్నా?" అన్నాను.

"ఏమోనే. నడువు, సూద్దాం," అన్నారు.

నడిచాను.